లెక్కల మాస్టారికి తెలుగు పంతులుగారి సాయం

పరీక్షలు దగ్గరపడేకొద్దీ లెక్కల పుస్తకంలో కొన్ని పేజీలు తెరవాలంటేనే పిల్లలకు గుండె దడ. వాటిలో పెద్దపీట ద్విపద విస్తరణది. రెండు రాశుల మొత్తాన్ని ఘనం చెయ్యమంటే, దేనికదే ఘనం చేసి కలిపేసి చేతులు దులుపుకునేవాళ్ళు ప్రతి తరగతిలోనూ వుంటారు. ఆ కుర్రవాణ్ణే య మా తా రా జ భా న స ల గం అప్పజెప్పమనండి, తడుముకోడు. విచిత్రమేమంటే, రెండూ ఒకే పాఠం!

మూడక్షరాల గణాలు ఎనిమిది. అన్నీ గురువులైతే మగణం, ఒక్కటే. రెండు గురువులూ ఒక లఘువూ అయితే య, ర, త: మూడు. ఒక గురువూ రెండు లఘువులూ అయితే భ, జ, స: మూడు. అన్నీ లఘువులైతే నగణం, ఒక్కటే. 1, 3, 3, 1. (గ + ల)ను మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చే గుణకాలు సరిగ్గా ఇవే. ఒక్కో బ్రాకెట్టులోంచి గురువునో లఘువునో ఏరుకోవడమే కదా ఆ గుణకారం! రెండు ఘనాలతో సరిపెట్టినవాడు మ, న గణాలుంచుకుని మిగతా ఆరింటినీ గోదాట్లో కలిపాడన్నమాట. ఇక ఉత్పలమాల గతేం కావాలి?

నాలుగో అక్షరం చేర్చి చూడండి. రెండు గురువులున్నవి ఎన్ని? యరతల చివర లఘువు పెడితే మూడు, భజసల చివర గురువు పెడితే మూడు, వెరసి ఆరు. అలా వరుస 1, 4, 6, 4, 1 అవుతుంది. పింగళుని ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు దీన్ని మేరుప్రస్తారంగా వివరించాడు. పాస్కల్ త్రిభుజమని మనం చదివేది ఇదే. ఆయన గ్రంథం అచ్చయింది 1665లో.

ఇది పద్యాలకే కాదు, ప్రామిసరీ నోటుకూ పనికొస్తుంది. నూరు రూపాయలు, నూటికి ఏడాదికి 5 వడ్డీ, నాలుగేళ్ళు. అసలు 100; బారువడ్డీ 20; వడ్డీ మీద వడ్డీ రూపాయిన్నర; దాని మీద మళ్ళీ వడ్డీ అయిదు పైసలు. మొత్తం 121.55. ఆ చివరి పదం పైసాలో పదోవంతైనా లేదు, వదిలేయవచ్చు. బారువడ్డీ బాకీ 100, 105, 110 అంటూ అంకశ్రేఢిలో నడుస్తుంది. చక్రవడ్డీ బాకీది గుణశ్రేఢి. అప్పులవాడి కొంప ముంచేది ఈ రెండోదే.

గుణశ్రేఢి ఎంత దూరం పోతుందో తెలుగువాడికి కొత్త కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెనిగించిన పావులూరి మల్లనదిగా చెప్పే పద్యం ఒకటుంది. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అంటూ రెట్టిస్తూ పోతే 64 గళ్ళకూ అయ్యే మొత్తం అందులో వుంది: 18446744073709551615. సూత్రం మరిచిపోయినా భయం లేదు. మొత్తాన్ని రెట్టించి, అందులోంచి అసలు మొత్తాన్ని తీసేస్తే నడిమి పదాలన్నీ కొట్టుకుపోతాయి. మిగిలేది 2ను 64 సార్లు వేసి గుణించిన లబ్ధం, అందులో ఒకటి తక్కువ.

మల్లన లెక్క సరిచూడాలని వుందా? చివరి అంకెతో మొదలుపెట్టండి. రెట్టిస్తూ పోతే చివర 2, 4, 8, 6 వంతులవారీగా తిరుగుతాయి. 64 నాలుగుతో నిశ్శేషంగా పోతుంది కనుక చివర 6. ఒకటి తీస్తే 5.