సంతకం, అవగాహన: ‘ఫ్లవర్స్ ఫర్ ఆల్జర్నన్’ నవలలో అంగీకార సమస్య

వైజ్ఞానిక కల్పన అనగానే యంత్రాలు, అంతరిక్ష యానాలు స్ఫురించడం సహజం. అమెరికన్ రచయిత డేనియల్ కీస్ రచించిన ‘ఫ్లవర్స్ ఫర్ ఆల్జర్నన్’లో అవేవీ లేవు. ఉన్నది ఒక శస్త్రచికిత్స మాత్రమే; దాని వివరాలనూ రచయిత క్లుప్తంగానే దాటవేశాడు. 1959లో కథగా వెలువడి హ్యూగో పురస్కారం పొందిన ఈ ఇతివృత్తం 1966లో నవలగా విస్తరించింది. ప్రయోగానికి లోనయ్యే వ్యక్తి అంగీకారం ఎంతవరకు చెల్లుతుందన్న ప్రశ్నను ఈ నవల వాదంగా కాక, పాత్ర రాసే భాషలోనే నిలిపింది.

కథానాయకుడు చార్లీ గోర్డన్ వయస్సు 32, ప్రజ్ఞాలబ్ధి 68. బేకరీలో పనిచేస్తూ చదువు నేర్చుకుంటుంటాడు. ఆల్జర్నన్ అనే ఎలుక తెలివిని పెంచిన చికిత్సనే పరిశోధకులు అతనికీ చేస్తారు. నవల ఆసాంతం చార్లీ రాసే ప్రగతి నివేదికలుగా సాగుతుంది. తొలి పుటలనిండా అక్షరదోషాలు, ప్రజ్ఞాలబ్ధి 185కు చేరేనాటికి పండితశైలి, ఆపై క్షీణత. (ఈ శిల్పాన్ని తెలుగులోకి తేవడం సులువు కాదు. ఆ దోషాలు ఇంగ్లీషు స్పెల్లింగుకూ ఉచ్చారణకూ నడుమ ఉన్న దూరం నుండి పుట్టినవి. ఉచ్చారణను చాలావరకు అనుసరించే తెలుగు లిపిలో అనువాదకుడు ఒత్తులు, దీర్ఘాల లోపాలను ఆశ్రయించవలసి వస్తుంది.)

శస్త్రచికిత్సకు చార్లీ ఇష్టపడతాడు. కుటుంబ అనుమతి కావాలి కనుక పరిశోధకులు అతని చెల్లెలు నోర్మాను వెతికి ఆమె సమ్మతి తీసుకుంటారు. విధానపరంగా లోపం లేదు. కానీ అదే చార్లీ, అదృష్టం తెస్తుందన్న నమ్మకంతో కుందేలు పాదాన్ని వెంటబెట్టుకొని రోర్షాక్ పరీక్షకు వెళ్తాడు. కార్డుమీద ఎవరో సిరా ఒలికించారనుకుంటాడు. అతడు దేనికి ఒప్పుకున్నాడో అతనికి తెలియదన్న సంగతి పాఠకునికి ఆ అక్షరదోషాలే చెబుతాయి. గ్రహించగల స్థితి వచ్చాక అతణ్ణి మళ్లీ అడిగినవారు లేరు. షికాగో సదస్సులో ప్రొఫెసర్ నీమర్, చికిత్సకు ముందు చార్లీ అనే మనిషే లేనట్లు మాట్లాడతాడు. చార్లీ ఎలుకను తీసుకొని అక్కడి నుండి వెళ్లిపోతాడు.

ఇది ఊహాజనిత సమస్య మాత్రమే కాదు. స్వచ్ఛంద అంగీకారాన్ని 1947 నాటి నూరెంబర్గ్ నియమావళి ప్రథమ సూత్రంగా ప్రకటించింది. అయినా న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ సంస్థలో మానసిక వైకల్యం గల పిల్లలకు పరిశోధన పేరిట హెపటైటిస్ సోకించారు. తల్లిదండ్రుల సంతకాలు అక్కడా ఉన్నాయి. ఆ ప్రయోగాలతో సహా 22 ఉదాహరణలను వైద్యుడు హెన్రీ బీచర్ వైద్యలోకం ముందుంచినది 1966లోనే, అంటే ఈ నవల వెలువడిన ఏడే.

అయితే సమస్యకు మరో ముఖం ఉంది. చార్లీకి చదువుకోవాలన్న కోరిక నిజమైనది. అవగాహన చాలదంటూ అతణ్ణి కాదనడం కూడా అతని తరఫున ఇతరులు నిర్ణయించడమే అవుతుంది. నవల ఈ చిక్కును విప్పదు. బాల్యస్మృతులను ఫ్రాయిడ్ పద్ధతిలో పేర్చిన భాగాలు నేడు పాతబడినట్లు తోస్తాయి. ఆ విషయంలో మూలకథే బిగువైనది.

ఆ మూలకథకు సుఖాంతం కావాలని ఒక సంపాదకుడు కోరగా కీస్ నిరాకరించాడు. నవల ముగింపులో చార్లీ వారెన్ ఆశ్రమానికి తానుగా బయలుదేరుతాడు. మేధ నిండుగా ఉన్న రోజుల్లోనే ఆ చోటును అతడు స్వయంగా చూసివచ్చాడు.