లాస్‌లెస్ ఆడియో అంటే అసలేంటి? సౌండ్‌బార్ మార్చే ముందు ఒక్కసారి వైరు చూడండి

ఈ రోజు ఎపిసోడ్ నేను చేయబోయి ఆగిన ఒక తప్పుతో మొదలుపెడతాను. పోయినేడాది ఈఎంఐ మీద ఒక అట్మాస్ సౌండ్‌బార్ కొన్నాను. ఇంట్లో బ్లూరే ప్లేయర్ ముందే ఉంది. డిస్క్ కవర్ మీద డాల్బీ ట్రూహెచ్‌డీ అని రాసుంది. సినిమా పెడితే సౌండ్‌బార్ మీద మాత్రం ఉత్త 'డాల్బీ డిజిటల్' అని వచ్చేది. మూడు వారాలు సెట్టింగులన్నీ తిప్పాను. లాభం లేదు. ఇక ఇది అమ్మేసి, ఇంకా ఖరీదైనది తీసుకుందాం అనుకున్నాను. అప్పుడు మా నాన్న ఒకటే మాట అన్నారు: "ఇది ఎందుకు రావట్లేదో తెలియకుండా కొత్తది కొంటే, అందులో మాత్రం వస్తుందని ఏంట్రా నమ్మకం?"

దాంతో కూర్చుని మొదటి నుంచి నేర్చుకున్నాను. అదే మీకు చెప్తాను.

ముందు మూడు మాటలు క్లియర్ చేసుకుందాం. అన్‌కంప్రెస్డ్, లాస్‌లెస్, లాసీ. ఒక పట్టుచీర అనుకోండి. దండెం మీద పూర్తిగా ఆరేస్తే అది అన్‌కంప్రెస్డ్. చీర మొత్తం ఉంది, చోటు బోలెడు పడుతుంది. అదే చీరను చక్కగా మడతపెట్టి పెట్టెలో పెడితే లాస్‌లెస్. చోటు తగ్గింది, విప్పితే ఒక్క పోగు కూడా తగ్గదు. ఇక లాసీ అంటే, కట్టుకున్నప్పుడు కుచ్చిళ్ళలో దాగిపోయే బట్ట ఎవరికీ కనిపించదు కదా అని దాన్ని కత్తిరించి పంపడం. చూసేవాళ్ళకి చాలావరకు తేడా తెలీదు. కానీ కత్తిరించింది మళ్ళీ రాదు.

ఆడియోలో కూడా అంతే. పెద్ద శబ్దం వస్తున్నప్పుడు దాని పక్కనే ఉన్న చిన్న శబ్దాన్ని మన చెవి పట్టుకోలేదు. లాసీ ఫార్మాట్లు ఆ చిన్న శబ్దాన్ని వదిలేస్తాయి. ఎంపీ3, ఏఏసీ, డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్ అన్నీ ఈ గ్రూపే. ఫ్లాక్, డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో లాస్‌లెస్. పీసీఎం అనేది అన్‌కంప్రెస్డ్.

ఇప్పుడు లెక్క చూద్దాం. సీడీలో సెకనుకు 44,100 శాంపిల్స్, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్ళు. మూడూ గుణిస్తే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. సినిమాకి వస్తే 48,000 శాంపిల్స్, 24 బిట్లు, 7.1 అంటే 8 ఛానళ్ళు. అది సెకనుకు 9.2 మెగాబిట్లు అవుతుంది. రెండున్నర గంటల సినిమాకి ఆడియో ఒక్కటే 10 జీబీ దాటుతుంది! అదే నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ ఆడియో సెకనుకు గరిష్ఠంగా 768 కిలోబిట్లు. అదే సినిమాకి 860 ఎంబీ చుట్టుపక్కల. ఓటీటీ వాళ్ళు లాసీ ఎందుకు వాడతారో అర్థమైంది కదా? మన డేటా ప్యాక్ గురించి కూడా ఆలోచించాలి మరి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అట్మాస్ అంటే లాస్‌లెస్ అని అర్థం కాదు. శబ్దం గదిలో ఎక్కడి నుంచి రావాలి, పై నుంచా పక్క నుంచా అని చెప్పే సమాచారం అది. ఆ సమాచారం బ్లూరేలో ట్రూహెచ్‌డీ మీద ఎక్కి వస్తుంది, అప్పుడు లాస్‌లెస్. ఓటీటీలో డాల్బీ డిజిటల్ ప్లస్ మీద ఎక్కి వస్తుంది, అప్పుడు లాసీ. బండి వేరు, ఎక్కిన మనిషి వేరు.

సరే, నా సౌండ్‌బార్ సంగతి. నేను ప్లేయర్‌ని టీవీకి కనెక్ట్ చేసి, టీవీ నుంచి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ద్వారా సౌండ్‌బార్‌కి ఇచ్చాను. మామూలు ఏఆర్‌సీ ట్రూహెచ్‌డీని మోయలేదు. దాని దారి చిన్నది. ఆప్టికల్ కేబుల్ పరిస్థితి కూడా అంతే. అలాంటప్పుడు ప్లేయర్ ఏం చేస్తుందంటే, డిస్క్‌లో ట్రూహెచ్‌డీతో పాటే పెట్టి ఉంచే పాత డాల్బీ డిజిటల్ ట్రాక్ పంపిస్తుంది. సౌండ్ వస్తుంది కాబట్టి మనకి అనుమానం రాదు! ట్రూహెచ్‌డీ టీవీ గుండా రావాలంటే టీవీలోనూ, సౌండ్‌బార్‌లోనూ ఈఏఆర్‌సీ ఉండాలి. నా టీవీలో అది లేదు.

పరిష్కారం పైసా ఖర్చు లేనిది. నా సౌండ్‌బార్ వెనక హెచ్‌డీఎంఐ ఇన్ అని ఒక పోర్ట్ ఉంది. ప్లేయర్ వైరు తీసి అందులో పెట్టాను. అక్కడి నుంచి వీడియో టీవీకి వెళ్తుంది. ప్లేయర్ సెట్టింగుల్లో ఆడియో 'బిట్‌స్ట్రీమ్' పెట్టి, 'సెకండరీ ఆడియో' ఆఫ్ చేశాను. వెంటనే డిస్‌ప్లే మీద ట్రూహెచ్‌డీ, అట్మాస్ వచ్చాయి. నాన్న నవ్వారు, అంతే.

ఫోన్‌లో వినేవాళ్ళకి కూడా ఇదే సూత్రం. యాప్‌లో లాస్‌లెస్ ఆన్ చేసి మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వింటే, ఆ పాట దారిలో మళ్ళీ లాసీగా మారే వెళ్తుంది. వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్ అయితే ఆ సమస్య లేదు. అలాగే ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చడం దండగ. ఫైల్ సైజు పెరుగుతుంది, కత్తిరించిన బట్ట తిరిగి రాదు.

ఇప్పుడు నిజాయితీగా ఒక మాట. ఒకే పాట ఫ్లాక్‌లో, 320 కిలోబిట్ల ఎంపీ3లో పెట్టి, ఏది ఏదో చెప్పకుండా మా తమ్ముడిని ప్లే చేయమన్నాను. పదిసార్లలో ఆరుసార్లు కరెక్ట్‌గా చెప్పాను. బొమ్మా బొరుసా వేసినా దాదాపు అంతే వస్తుంది! మీరు కూడా ట్రై చేయండి. కానీ రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టండి, ఎందుకంటే కొంచెం గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది.

అందుకని నా సలహా ఇది. బ్లూరే డిస్కులు చూస్తే లాస్‌లెస్ దారి సరిగ్గా వేసుకోండి, డబ్బు పెట్టి కొన్నది పూర్తిగా అందాలి కదా. ఓటీటీ మాత్రమే చూస్తే దీని కోసం కొత్త బాక్స్ కొనకండి. స్పీకర్లు ఎక్కడ పెట్టాం, గదిలో కర్టెన్లు, కార్పెట్ ఉన్నాయా లేదా అనేవే ఎక్కువ తేడా చూపిస్తాయి. ఏది కొనే ముందైనా టీవీ వెనక్కి వెళ్ళి, పోర్ట్ పక్కన ఏఆర్‌సీ అని ఉందో ఈఏఆర్‌సీ అని ఉందో చదవండి. నాకు ఆ పని చేయడానికి మూడు వారాలు పట్టింది, మీకు రెండు నిమిషాలు చాలు.

మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.