చక్రాల మీద సంసారం

కిటికీ తెర పక్కకు లాగితే ఎదురుగా గడ్డి మేస్తున్న బైసన్ల మంద... స్టవ్‌ మీద పొంగడానికి సిద్ధంగా ఉన్న పాలు... డ్రైవరు సీటు పైనున్న బంకులోంచి ‘ఇవాళ ఎక్కడికి నాన్నా?’ అంటూ తొంగిచూసే రెండు బుర్రలు! నిన్న రాత్రి పడుకున్న ఇల్లు అదే. ఊరే మారింది. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మోటార్‌హోమ్‌ ఎక్కే అమెరికా తెలుగు కుటుంబాలకు తెల్లవారేది ఇలాగే.

పడకలు, వంటగది, ఫ్రిజ్‌, బాత్రూం... అన్నీ ఓ వ్యాను మీద అమర్చితే అదే మోటార్‌హోమ్‌. అమెరికన్లు ముద్దుగా ‘ఆర్వీ’ అంటారు. ఒకప్పుడు ఇది బాగా డబ్బున్నవాళ్ల సరదా. 1966లో అయోవా రాష్ట్రంలోని విన్నెబాగో కంపెనీ వీటి తయారీ మొదలుపెట్టి, అసెంబ్లీ లైను మీద చవగ్గా చేసి అమ్మడంతో మధ్యతరగతికీ అందుబాటులోకి వచ్చాయి. ఇప్పుడైతే కొనక్కర్లేదు, అద్దెకు దొరుకుతాయి.

పిల్లలున్నవాళ్లు ఎక్కువగా వెళ్లే చోట్లలో ఎల్లోస్టోన్‌ ఒకటి. 1872లో ఏర్పాటైన ఈ పార్కు ప్రపంచంలోనే మొట్టమొదటి జాతీయ పార్కుగా పేరుపొందింది. సాల్ట్‌లేక్‌ సిటీ దాకా విమానంలో వచ్చి, అక్కడ బండి అద్దెకు తీసుకుంటే పార్కు పడమటి ద్వారం దాదాపు 515 కిలోమీటర్లు. కుటుంబాలు ఎక్కువగా తీసుకునే 25 అడుగుల బండి నడపడానికి మామూలు కారు లైసెన్సు చాలు. కానీ లీటరు పెట్రోలుకు నాలుగు కిలోమీటర్లు వస్తే గొప్పే! అద్దెకు తోడు తిరిగిన మైళ్లకీ, జనరేటర్‌ వాడిన గంటలకీ విడిగా వసూలు చేసే కంపెనీలున్నాయి. హోటలు ఖర్చు మిగులుతుందని బయల్దేరితే మాత్రం లెక్క తప్పుతుంది. మరి ఏం మిగులుతుంది?

నీళ్లు ఎన్ని ఉన్నాయి?

ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎక్కడికి పోతున్నాయో పిల్లలకు పట్టదు. బండిలో అలా కాదు. ఉన్నదంతా ఒక్క ట్యాంకు. సుమారు 150 లీటర్లు. స్నానాలకీ, గిన్నెలకీ, అన్నిటికీ అవే. పొద్దున ఒకరు షవరు కింద పాట పాడుతూ నిల్చుంటే, రాత్రికి కంచాలు కడగడానికి ఉండవు.

వాడిన నీళ్లూ ఎక్కడికీ పోవు. సింకు, షవరు నీళ్లు ‘గ్రే’ ట్యాంకులోకి, టాయిలెట్‌వి ‘బ్లాక్‌’ ట్యాంకులోకి చేరతాయి. ఏది ఎంత నిండిందో గోడమీది దీపాలు చెబుతాయి. నిండిందంటే డంప్‌ స్టేషన్‌కు వెళ్లాల్సిందే. నాన్న గ్లవ్స్‌ తొడుక్కుని గొట్టం తగిలిస్తాడు. ముందు బ్లాక్‌, తర్వాత గ్రే. అలాగైతేనే సబ్బు నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. పిల్లలు ముక్కు మూసుకుని పడీపడీ నవ్వుతారు. నవ్వినా, ఆ రోజు నుంచి నీళ్ల లెక్క వాళ్లే చూస్తారు!

కరెంటుదీ అదే కథ. క్యాంప్‌గ్రౌండ్‌లో కనెక్షన్‌ లేకపోతే బ్యాటరీతో దీపాలు, నీళ్ల మోటారు నడుస్తాయి. ఏసీకీ, రైస్‌కుక్కర్‌కీ జనరేటర్‌ కావాలి. పక్కవాళ్లు నిద్రపోయే వేళల్లో అది వేయకూడదు. అందుకే అన్నం ఎప్పుడు వండాలో గడియారం చూసి నిర్ణయించుకోవాలి. ఇక ఎండుమిరపకాయల తాలింపు సంగతి సరేసరి. కిటికీ తెరవకుండా వేశారో... పొగ అలారం కూత అందుకుంటుంది!

బయల్దేరే ముందు అల్మరాలు, ఫ్రిజ్‌ తలుపు, మెట్లు, గొట్టం, వైరు... అన్నీ సరిచూసుకోవాలి. ఈ పని పిల్లలకు అప్పగించడం మంచిది. మొదటి మలుపులోనే ఒక తలుపు తెరుచుకుని కందిపప్పు డబ్బా కిందపడితే, రెండోసారి ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

కదిలితే... బెల్టే!

అసలు జాగ్రత్త ఇంకొకటుంది. ఆగినప్పుడు అది ఇల్లే. కదిలేటప్పుడు మాత్రం మామూలు బండి. ఈ తేడా పిల్లలు మర్చిపోతారు. ఒక్కోసారి పెద్దవాళ్లూ మర్చిపోతారు. ‘మంచం ఉంది కదా, కాసేపు పడుకోనీ’ అనిపిస్తుంది. ‘ఫ్రిజ్‌లోంచి పెరుగు తేనా?’ అంటూ అమ్మమ్మ లేవబోతుంది. సడన్‌ బ్రేకు పడితే మంచం మీది పసివాడిని ఆపేదేమీ ఉండదు. అందుకే బుక్‌ చేసేటప్పుడు చూడాల్సింది ఎంతమంది పడుకోవచ్చని కాదు, బెల్టున్న సీట్లు ఎన్నని. చంటిపిల్లల కారు సీటును ముందుకు తిరిగున్న సీటుకే బిగించాలి. అద్దె కంపెనీని ముందే అడిగి తెలుసుకోవాలి. అలాగే జనరేటర్‌ వేసి నిద్రపోకూడదు. దాని పొగలోని కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

పిల్లలు గంటల తరబడి కదలకుండా కూర్చోలేరు కాబట్టి దూరం తగ్గించుకోవడమే దారి. ఆర్వీ ప్రయాణికులు చెప్పుకునే ‘మూడు మూళ్ల’ సూత్రం ఒకటుంది. రోజుకు 300 మైళ్లు మించకూడదు, మధ్యాహ్నం 3 గంటలకల్లా చేరిపోవాలి, చేరినచోట 3 రాత్రులుండాలి.

ఎలుగుబంటి ఇలాకా

ఎల్లోస్టోన్‌లో నీళ్లు, కరెంటు, మురుగు కనెక్షన్‌... మూడూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌ ఫిషింగ్‌ బ్రిడ్జ్‌ ఒక్కటే. అక్కడ గుడ్డ టెంట్లు వేయనివ్వరు. కారణం... గ్రిజ్లీ ఎలుగుబంట్లు! అన్నం గిన్నె, ఆవకాయ సీసా, చివరికి చెత్తసంచీ కూడా బయట వదలకూడదు. ఎలుగుబంట్లకూ తోడేళ్లకూ 91 మీటర్లు, బైసన్లకు 23 మీటర్లు దూరంగా ఉండాలన్నది పార్కు నియమం. వేడినీటి బుగ్గల దగ్గర చెక్కబాట దిగకూడదు. పైకి గట్టిగా కనిపించే నేల పలుచని పొర మాత్రమే. కింద మరిగే నీళ్లు.

దాదాపు గంటన్నరకోసారి ఎగజిమ్మే ‘ఓల్డ్‌ ఫెయిత్‌ఫుల్‌’ కోసం జనం ముందే వచ్చి కూర్చుంటారు. పిల్లలకు మాత్రం ‘జూనియర్‌ రేంజర్‌’ కావడం అంతకన్నా పెద్ద విశేషం. పార్కు ఇచ్చే పుస్తకంలోని పనులు పూర్తిచేసి, రేంజర్‌ ముందు ప్రమాణం చేస్తే ప్యాచ్‌ ఇస్తారు. పార్కులో చాలాచోట్ల ఫోన్‌ సిగ్నల్‌ ఉండదు కాబట్టి, ఆ పుస్తకం నింపడానికి నాన్నకీ తీరికే!

అలా చూస్తే ఇది మనకు మరీ కొత్తదేం కాదు. మేడారం జాతరకు ఎడ్లబండి కట్టుకుని, బియ్యం, చింతపండు, పిల్లలు, ముసలివాళ్లు... అందర్నీ ఎక్కించుకుని వెళ్లిన కుటుంబాలు ఎన్నో. దారిలో వంట, బండి కింద పడక. నీళ్లెక్కడ దొరుకుతాయో పిల్లలకీ తెలిసేది. మోటార్‌హోమ్‌లో కొత్తగా వచ్చింది ఇంజనూ, ఫ్రిజ్జూ.

వారం తర్వాత ట్యాంకులు ఖాళీ చేసి, బండి అప్పగించి ఇంటికొస్తారు. అమ్మమ్మ కుళాయి తిప్పి గిన్నెలు తోముతోంటే మనవడు వచ్చి కట్టేస్తాడు... ‘అమ్మమ్మా, నీళ్లు!’ అంటూ. ఖర్చంతా పోగా మిగిలింది అదే.