లోడు లాగే క్యామ్‌షాఫ్ట్: కొన్ని విశేషాలు

వేసవి వస్తే నూజివీడు, ఆగిరిపల్లి తోటల్లో కోసిన బంగినపల్లి, రసాలు, కలెక్టరు మామిడికాయలు ట్రాక్టర్లెక్కి నున్న మార్కెట్‌కు, అక్కడి నుంచి లారీలెక్కి ఢిల్లీ దాకా పోతాయి. ఆ లోడు లాగే ఇంజన్‌లో ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చెప్పేది క్యామ్‌షాఫ్ట్. దాని మీద ఉబ్బెత్తుగా ఉండేవే క్యామ్‌లు.

● పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ తిరిగేది ఒక్క చుట్టే. ఇంజన్ 1500 ఆర్‌పీఎం మీద నడిస్తే ఒక్కో వాల్వు నిమిషానికి 750 సార్లు తెరుచుకుంటుంది. అలా 40 గంటలు నడిస్తే 18 లక్షల సార్లు!

● ‘పెద్ద క్యామ్ వేస్తే బాగా లాగుతుంది’ అన్న మాట లోడు బండికి చెల్లదు. వాల్వును ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ రేసు కార్లది. లారీ డీజిల్ ఇంజన్ లాగుడంతా మామూలుగా 1200–1600 ఆర్‌పీఎం దగ్గరే. ఆ వేగంలో ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే, లోపలికొచ్చిన గాలిని పిస్టన్ తిరిగి బయటికి నెట్టేస్తుంది. కంప్రెషన్ పడిపోయి, ఎత్తు ఎక్కేచోట బండి మొరాయిస్తుంది.

● ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరుచుకుని ఉండే కాసేపే ఓవర్‌ల్యాప్. లోడు బండికి అది తక్కువే ఉండాలి. డీజిల్‌లో పెంచుదామన్నా చోటుండదు: పైకొచ్చిన పిస్టన్ తగిలితే వాల్వు వంగిపోతుంది.

● ట్రైలర్లు లాగే పెట్రోల్ పికప్‌ల కోసం అమెరికాలో ‘ఆర్‌వీ క్యామ్’లు అమ్ముతారు. రేసు క్యామ్‌లతో పోలిస్తే అవి వాల్వులను తక్కువసేపే తెరుస్తాయి.

● పాత లారీల్లో చాలావాటికి క్యామ్‌షాఫ్టులు రెండు. రెండోది డీజిల్ పంపు లోపల ఉండి, సిలిండర్‌కొక క్యామ్ చొప్పున ఇంజెక్టర్లకు డీజిల్ తోయిస్తుంది.

● క్యామ్ కదలికను వాల్వుకు అందించే రాకర్ నిష్పత్తి 1.5 ఉన్న ఇంజన్‌లో క్యామ్ కొన 1 మి.మీ. అరిగితే వాల్వు లిఫ్ట్ (తెరుచుకునే ఎత్తు) 1.5 మి.మీ. తగ్గుతుంది. గాలి చాలక నల్లపొగ మొదలవుతుంది.

● క్యామ్‌షాఫ్ట్ ఇంజన్ కంటే పాతది. మధ్యయుగపు ఇంజనీరు అల్-జజరీ 1206లోనే తన యంత్రాల గ్రంథంలో దాన్ని వర్ణించాడు.

బండి లాగట్లేదని ఆటోనగర్‌కు తోలుకెళ్తే ముందు ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వు గ్యాప్), ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ చూపించండి. క్యామ్ మార్చక తప్పకపోతే కంపెనీ పార్ట్ నంబరుదే వేయించండి. కొత్త క్యామ్ మీద దానికి ఆనుకుని కదిలే పాత ట్యాపెట్లు మాత్రం పెట్టనివ్వకండి.