ప్రమాణం – అంతస్సాక్షి

పాశ్చాత్య దేశాల చరిత్రను మతం తీర్చిదిద్దింది. మతాన్ని ప్రశ్నించిన నాస్తికత్వమూ ఆ చరిత్రపై తన ముద్ర వేసింది. ఇందుకు బ్రిటిష్ పార్లమెంటు ఒక నిదర్శనం.

పార్లమెంటు సభ్యులు చేయవలసిన ప్రమాణం ఒకప్పుడు అధికార మతానికి అనుగుణంగా ఉండేది. తత్ఫలితంగా 1829 వరకు కేథలిక్కులకు, 1858 వరకు యూదులకు సభాప్రవేశం దుర్లభమైంది. 1880లో నార్తాంప్టన్ ఓటర్లు చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తికుణ్ణి ఎన్నుకున్నారు. దైవం పేరిట కాక, అంతస్సాక్షిగా ధ్రువీకరించేందుకు ఆయన అనుమతి కోరారు. సభ నిరాకరించింది. పిమ్మట ప్రమాణం చేయడానికే సిద్ధపడగా, దైవాన్ని నమ్మనివాని ప్రమాణం చెల్లదని అడ్డుకొంది. ఆయనను నిర్బంధించింది కూడా. అయినా ఓటర్లు ఆయననే పలుమార్లు గెలిపించారు. ఎట్టకేలకు 1886లో ఆయన స్థానం సుస్థిరమైంది. ఆయన కృషి ఫలితంగానే 1888లో ధ్రువీకరణకు వీలు కల్పించే చట్టం వెలువడింది. ప్రమాణం చేయడమే తమ మతానికి విరుద్ధమని భావించే ఆస్తికులకు సైతం అది రక్షణ కల్పించింది.

1889లో బ్రాడ్లా బొంబాయి కాంగ్రెసు మహాసభకు విచ్చేశారు. నేడు మన రాజ్యాంగం మూడవ షెడ్యూలులో దైవసాక్షిగా ప్రమాణానికి, ఆత్మసాక్షిగా ధ్రువీకరణకు సమాన స్థానముంది. నమ్మకం వ్యక్తి హృదయానికి చెందినది; ప్రజాప్రతినిధి అర్హతకు అది కొలమానం కారాదు.