పెద్దదినానికి కబురొస్తే కాపలా ఆగాల్సిందే

నాయుడుపేట: కుటుంబంలో ఒకరు వరికోతల్లో, ఒకరు రొయ్యల గుంట కాపలాలో, మరొకరు పులికాట్ ఒడ్డున చేపల వేటలో. నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాల యానాదుల్లో చాలామందికి పని ఎక్కడో కాపురం అక్కడే. ఇలా చెదిరిన వారిని ఒకచోట కూర్చోబెట్టేది పెద్దదినం.

మనిషి పోయాక మొదట చిన్నదినం, తరువాత పెద్దదినం. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో ఈ తంతు వివరంగా ఉంది. పిడికెడు మట్టిని మొన తేలేట్టు ఒత్తి, పోయినవారి ప్రాణంగా నిలుపుతారు. పెద్దకొడుకు దాని ముందు అన్నం పెట్టి, దీపం వెలిగించి, సాంబ్రాణి వేసి, కొబ్బరికాయ కొడతాడు. ఆ మట్టిని చెరువు దగ్గరకు తీసుకుపోతారు. నీళ్ల అంచున పడుకున్న మనిషి బొమ్మ చేసి, తలవైపు ఆ మట్టి ముద్దను ఉంచుతారు. చివరికి అంతా నీళ్ల పాలు. ఇందులో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. కావలసింది మనుషులు.

ఆ మనుషులు రావడమే కష్టమవుతోంది. 2022 ఏప్రిల్‌లో నాయుడుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. చుట్టాలు మాత్రం రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. శ్రీహరికోట యానాదుల కథ వేరు. ఒకప్పుడు ఆ దీవి అడవిలో తేనె, చిరివేరు ఏరుకుని బతికినవారు. రాకెట్ కేంద్రం కోసం దీవిని తీసుకున్నాక ఒడ్డుకు వచ్చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. పెద్దల్ని పాతిపెట్టిన నేల కంచె అవతల ఉండిపోయింది.

అన్నిటికన్నా గట్టి అడ్డు అప్పు. అడ్వాన్సు తీసుకుని గుంట కాపలాకు కుదిరిన మనిషికి తండ్రి పెద్దదినానికైనా సెలవు యజమాని దయ. "నువ్వు పోతే గుంట ఎవరు చూస్తారు?" అంటే నోరెత్తలేడు.

చట్టం ఆ మాట ఒప్పుకోదు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం, బాకీ పేరు చెప్పి పని చేయించుకుంటూ మనిషిని ఇష్టమొచ్చిన చోటికి కదలనివ్వకపోవడం కూడా వెట్టే. అలాంటి బాకీ తీర్చనక్కరలేదు. ఫిర్యాదు కలెక్టరుకు ఇవ్వవచ్చు. జిల్లాలోనూ, డివిజన్‌లోనూ విజిలెన్స్ కమిటీలు ఉండాలి. ప్రతి కమిటీలో ముగ్గురు షెడ్యూల్డు కులాలు, తెగల వారే కావాలి.