డిశ్చార్జి తర్వాతే అసలు వైద్యం

గౌతమీ తీరాన ఉన్న యానాం నుంచి కాకినాడ సుమారు ముప్పై కిలోమీటర్లు. పాలించే పుదుచ్చేరి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైమాటే. కొబ్బరిచెట్టు మీంచి పడో, బైకు బోల్తాకొట్టో వెన్నుపూస విరిగితే ఆపరేషన్‌కు కాకినాడో విశాఖో పరుగెత్తవచ్చు. ప్లేట్లు, స్క్రూలు బిగించి ఇంటికి పంపాక రాబోయే ఇరవై ఏళ్లు ఆ మనిషిని చూసేదెవరు? యానాం అడగవలసింది ఇంకో పెద్దాసుపత్రిని కాదని, ఇంటి గుమ్మం దాకా వచ్చే పునరావాస వైద్యాన్నని నా వాదన.

ఇలాంటి రోగుల ప్రాణం తీసేది చాలాసార్లు విరిగిన ఎముక కాదు, పడక పుళ్లూ మూత్రంలో చేరే ఇన్‌ఫెక్షనూ. ఒకప్పుడు కాళ్లు చచ్చుబడిన సైనికుల్లో ఎక్కువమంది ఈ రెండింటితోనే కొద్ది నెలల్లో పోయేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ ఆ కథ మార్చింది తెగిన వెన్నుపామును అతికించి కాదు. అది నేటికీ ఎవరివల్లా కాలేదు. రెండు గంటలకోసారి ఒత్తిగిలపెట్టడం, మూత్రాశయాన్ని కనిపెట్టి చూడటం, కూర్చోబెట్టి చేతులకు పని నేర్పడం, ఇంతే ఆయన చేసింది. 1972లో అమెరికా వైద్యుడు లాపిడీస్, శుభ్రంగా కడుక్కున్న చేతులతో రోగే ఇంట్లో గొట్టం పెట్టుకుని మూత్రం తీసుకోవచ్చని చూపాడు. ఇందులో ఏదీ యానాంలో అసాధ్యమైనది కాదు. మన దగ్గరి సాక్ష్యం కావాలంటే వెల్లూరు ఉంది. 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోంచే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. అక్కడి పునరావాస సంస్థ 1966లో ఆమె చొరవతో వచ్చిందే.

‘మావాడు నడుస్తాడా లేదా, అది చెప్పండి’ అంటారు ఇంటివాళ్లు. న్యాయమైన ప్రశ్నే. నాడులు పూర్తిగా తెగనివారిలో మొదటి నెలల్లో కొంత బలం తిరిగొస్తుంది, దానికి ఫిజియోథెరపీ తప్పనిసరి. పూర్తిగా తెగినవారి విషయంలో మాత్రం నిజం దాచితే తైలమర్దనలకు డబ్బూ కాలమూ పోతాయి, ఈలోగా పిరుదు మీద పుండు ఎముకను తాకుతుంది. మంచం మీంచి కుర్చీలోకి తనంతట తాను మారగలగడం కూడా కోలుకోవడమేనని డాక్టరు మొదటి వారంలోనే చెప్పాలి.

2011 లెక్కల్లో 55,626 జనాభా ఉన్న ఊరికి ఇంత ఏర్పాటు దండగ కాదా? ప్రత్యేక వార్డు అయితే దండగే, ఒప్పుకుంటాను. కానీ ఇల్లిల్లూ తిరిగే ఒక ఫిజియోథెరపిస్టు, శిక్షణ పొందిన ఇద్దరు నర్సులు పక్షవాతం వచ్చినవారినీ, షుగరుతో కాలు పోయినవారినీ కూడా చూస్తారు. చిక్కంతా డబ్బు లెక్క దగ్గరుంది. ఆయుష్మాన్ భారత్ కార్డు రాష్ట్రం సరిహద్దు దాటినా చెల్లుతుంది, యానాం వాసులకు అది వరమే. అయితే డిశ్చార్జయ్యాక అది భరించేది పదిహేను రోజుల ఖర్చు. మూత్రం గొట్టం రోజూ కావాలి, పుండు పడకుండా మెత్త కావాలి, కొలతకు సరిపోయే కుర్చీ కావాలి (ఎవరో దానం చేసిన వెడల్పాటి కుర్చీ నడుం వంకర చేస్తుంది). నెలనెలా వీటిని యానాం ప్రభుత్వాసుపత్రి మందుల కౌంటరులోనే ఇవ్వడానికి పుదుచ్చేరి బడ్జెట్‌లో ఒక పద్దు చాలు. ఆపరేషన్ చేసిన వైద్యుడు డిశ్చార్జి రోజునే ఇల్లిల్లూ తిరిగే ఆ నర్సుల్లో ఒకరికి ఫోన్ చేసి రోగిని అప్పగించాలి. దానికైతే పద్దు కూడా అక్కర్లేదు.